పళ్ళమామ డిస్కులో దవడలు

కళ్ళకు గంతలు కట్టినా సరే, ఎప్పుడో ఊడిపోయిన పన్నును వెంట్రుకవాసి తేడా లేకుండా, పూర్వం ఎలా ఉండేదో అలాగే మళ్ళీ చేసిపెట్టగల మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఇస్త్రీ కొట్టు మీది మేడగదిలో ఉంటాడు. కట్టుడు పళ్ళు చేస్తాడు గనక వీధి వీధంతా ఆయన్ని పళ్ళమామ అంటుంది. గోడకు అవతల ఎవరో తుమ్మితే ఇవతల కూర్చుని, "పైవరసలో సందుంది, రేపు రమ్మను" అన్న మనిషి. ఆయన చేసిన పళ్ళు పెట్టుకుని ఒక పెద్దాయన తుప్పుపట్టిన తాళం కప్పను కొరికి తీశాడంటారు. ఇంకో ఇంట్లో, అత్తగారు నిద్రపోయాక గ్లాసులోని పళ్ళు కోడలి మీద గొణిగాయట. కోడలే చెప్పింది. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు, మిగతావాళ్ళు వెళ్ళి ఆ కోడల్ని అడగొచ్చు.

ఇంతమంది నోళ్ళు తెరిపించిన పళ్ళమామ, తీరా తెరవాల్సిన రోజున తన నోరు తెరవలేకపోయాడు.

ఆయన పని చూస్తే తప్ప ఆ సంగతి అర్థం కాదు. డాక్టర్లు పేషెంటు చేత మెత్తటి ముద్దను కరిపించి, నోటి అచ్చు తీసి పంపుతారు. ఆ అచ్చులో ప్లాస్టరు కలిపి పోస్తే తెల్లటి దవడ తయారవుతుంది. దాని మీద మైనంలో పళ్ళు నిలబెట్టి, కుదిరాయనుకున్నాక గట్టి సెట్టు చేస్తాడు. పోసేటప్పుడు ప్లాస్టరులో గాలిబుడగ చిక్కుకుంటే దవడకు తొర్ర పడ్డట్టే. అందుకని అచ్చును వైబ్రేటరు మీద ఉంచి పోస్తాడు. ఇటుకంత మిషను అది. స్విచ్చి వేస్తే బల్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, బుడగలన్నీ పైకి తేలి పగిలిపోతాయి. ప్రతి దవడనూ రెండేసి పోస్తాడు. ఒకటి పనికి, ఒకటి దాచడానికి. పనిలోది చెయ్యిజారితే దాచింది ఆదుకుంటుందని పని నేర్పిన గురువు ఆయన వీపు మీద చరిచి మరీ చెప్పిన మాట.

దాచగా దాచగా ఇల్లు నిండింది.

"ఏవండీ, మంచం కింద చీపురు పెడితే ఎవరివో పళ్ళు తగులుతున్నాయి. చీర తీద్దామని అలమర తెరిస్తే నలుగురు ఇకిలిస్తున్నారు. ఇది కాపురమా, శ్మశానమా?" అంది ఆయన భార్య ఒకనాడు.

"అవి మనుషులు మన మీద పెట్టుకున్న నమ్మకాలే."

"నమ్మకాలైతే నన్ను చూసి పళ్ళికిలించడం ఎందుకు?"

అదృష్టం కొద్దీ ఆయన చేత పళ్ళు చేయించుకునే క్లినిక్కువాళ్ళు కొత్త స్కానరు కొనుక్కుని పాతది ఇచ్చారు. దవడను అందులో పెడితే నలుమూలల నుంచీ చూసి, బొమ్మను కంప్యూటర్లో దాస్తుంది. పళ్ళమామ మంచం కిందివి, అలమరలోవి, స్నానాలగది అటక మీదివి అన్నీ స్కాను చేయడం మొదలుపెట్టాడు. సగం కాకుండానే కంప్యూటరు నిండిపోయి, మౌసు కదిపితే బాణం గుర్తు మర్నాటికి కదిలేది.

అప్పుడు బావమరిది వచ్చాడు. పళ్ళమామ భార్యకు తమ్ముడు, ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ సలహా చెబుతాడు గనక సలహారావు అని పేరు. పక్కింటి పిల్లి గోడ దూకబోతుంటే ఆపి, ఏ కాలు ముందు వెయ్యాలో చెప్పాడని, అది విని వేసిందని కూడా అంటారు.

"బావా, బయట పెట్టుకునే హార్డ్ డిస్కు కొను. అన్నీ దాన్లోకి కాపీ చేసుకో," అన్నాడు. ఇద్దరూ కలిసి షాపుకి వెళ్ళారు.

షాపులో అమ్మాయి రెండు రకాలు చూపించింది. "ఇందులో పళ్ళెం ఉంటుందండి, లోపల గిర్రున తిరుగుతుంది. చాలా పడుతుంది. కాకపోతే తిరిగేటప్పుడు అస్సలు కదపకూడదు. రెండోది ఎస్ఎస్‌డీ. తిరిగేది ఏమీ ఉండదు, కుదుపులకు తట్టుకుంటుంది. అదే ధరకి కొంచెం తక్కువ పడుతుంది."

"తిరగనిది తీసుకో బావా," అన్నాడు సలహారావు. "వీలైతే రెండు తీసుకో."

పళ్ళమామ చెరో అరచేతిలో ఒకటి పెట్టుకుని తూచాడు. "ఇదేంట్రా, ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది. ఇందులో ఊరందరి దవడలా? ఇది చూడు, చేతిలో ఏదో ఉన్నట్టుంది."

"బరువు చూసి కొనడానికి అదేమన్నా గుమ్మడికాయా?"

"పన్నైనా, పెట్టైనా పట్టుకుంటే బరువుండాలి. తేలిక సరుకు విరిగి నా బల్ల మీదకే వస్తుంది, నాకు తెలీదా?" అని పళ్ళెం తిరిగేదే, అదీ ఒక్కటే, జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఇంకో తెలివి చూపించాడు. కాపీ చేస్తే కంప్యూటర్లో కూడా మిగిలిపోతుంది, మళ్ళీ అదే బరువు కదా అని, అన్నింటినీ కట్ చేసి డిస్కులో పడేశాడు. కంప్యూటరు లేడిపిల్లలా పరుగెత్తింది. స్కాను అయిన ప్లాస్టరు దవడలు గోనెసంచుల్లోకెక్కి చెత్తబండిలో వెళ్ళిపోయాయి. సంచి విప్పి చూసిన బండివాడు పోలీసులను పిలుద్దామా అని కాసేపు ఆలోచించాడట. భార్య అలమర తలుపులు రెండూ బార్లా తీసి, చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడింది. ఒక్క దవడను రెండుసార్లు పోసే మనిషి, ఊరందరి దవడలకూ కలిపి ఒక్క డిస్కును నమ్ముకున్నాడు.

మిగిలిన కొద్దిపాటి దవడలు కూడా స్కానై డిస్కులోకి వెళుతున్న మధ్యాహ్నం అది జరిగింది. వైరు పొట్టిది కాబట్టి డిస్కు బల్ల మీదే, వైబ్రేటరు పక్కనే ఉంది. క్లినిక్కు నుంచి అర్జంటు అచ్చు వచ్చింది. పళ్ళమామ ప్లాస్టరు కలిపాడు, స్విచ్చి వేశాడు, బల్ల వణికింది. కాసేపటికి డిస్కులోంచి టిక్కు, టిక్కు, టిక్కుమని చప్పుడు. గుడ్డు లోపల నుంచి కోడిపిల్ల పొడుస్తున్నట్టు.

పళ్ళమామ విన్నాడు. షాపమ్మాయి మాట కూడా గుర్తొచ్చింది. కానీ గిన్నెలో ప్లాస్టరు బిగుసుకుంటోంది, అది రాజుగారొచ్చినా ఆగదు. ఇదొక్కటీ పోసి అప్పుడు తీద్దామనుకున్నాడు. పోశాడు. వైబ్రేటరు ఆపాడు. టిక్కుటిక్కు మాత్రం ఆగలేదు. చేతులు కడుక్కుని వచ్చేసరికి సలహారావు ఫోనుకు ఛార్జింగు లేదని వచ్చి, డిస్కు వైరు లాగి తన వైరు గుచ్చుకుంటున్నాడు.

"బావా, లైటు వెలుగుతుండగానే లాగేశాను. ఏం కాదుగా?"

"ఆఁ, ఏం కాదులే," అన్నాడు పళ్ళమామ.

మర్నాడు డిస్కు తెరుచుకోలేదు. సలహారావు ఇంకో కంప్యూటరుకు పెట్టి చూశాడు, వైరు మార్చి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. అతని మొహంలో రంగు దిగిపోయింది. "నావల్లే బావా. డిస్కులోకి ఎక్కుతుండగా వైరు లాగకూడదని ఊరందరికీ చెప్పేది నేను. నేనే లాగాను."

పళ్ళమామ నోరు తెరిచాడు. మాట పెదవుల దాకా వచ్చింది. ఈలోగా భార్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. "ఒరేయ్, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఊరికి సలహాలు చెప్పే మొహమా ఇది? ఆయన ఇన్నేళ్ళ కష్టం ఒక్క పీకుడుతో పీకేశావు కదరా!" తమ్ముడు తల వంచుకున్నాడు. పళ్ళమామ తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. రేపు చెబుదాం, వేడి చల్లారాక చెబుదాం అనుకున్నాడు. అబద్ధం చెప్పలేదు కదా, ఊరికే ఊరుకున్నాను అంతే కదా, అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

డిస్కులు బాగుచేసే షాపుకి ఒంటరిగా వెళ్ళాడు. అక్కడి మనిషి మూత విప్పి చూసి పెదవి విరిచాడు. "లోపల పళ్ళెమంతా గీతలు పడిపోయిందండి. ఇక ఏమీ తీయలేం. ఇది తిరుగుతుండగా దేనిమీదైనా పెట్టి వణికించారా?"

"వైరు లాగితే ఇలా అవుతుందా?" అని అడిగాడు పళ్ళమామ, అవుతుందని అంటాడేమోనన్న ఆశతో.

"ఇంత గీత పడదండి."

ఇంటికొచ్చి, "పోయిందట," అన్నాడు. ఎందుకు పోయిందో చెప్పలేదు. నోట్లో ఇరుక్కున్న పీచులా ఆ మాట అక్కడే ఉండిపోయింది. నాలుక అస్తమానం అక్కడికే పోయేది.

దానికంటే పెద్ద శిక్ష ఇంకోటి మొదలైంది. సలహారావు సలహాలు మానేశాడు. అక్క వచ్చి కొత్త మిక్సీ ఏది కొనాలని అడిగితే, "నాకేం తెలుసక్కా, నీకు నచ్చింది తీసుకో," అన్నాడు. వీధిలో ఒకాయన స్కూటరు స్టాండు తీయకుండానే బయల్దేరుతుంటే చూసి కూడా ఊరుకున్నాడు. ఒకప్పుడు వాడు గుమ్మంలోకి వస్తే చెవులు మూసుకున్న పళ్ళమామకు ఇప్పుడు ఆ నిశ్శబ్దం పంటినొప్పిలా సలపరించేది. "ఒరేయ్, ఈ ఫ్యాను ఏ స్పీడులో పెట్టమంటావురా?" అని తనే అడిగేవాడు. "నీ ఇష్టం బావా," అనేవాడు వాడు.

అలాంటి రోజుల్లో టైపు టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఒకప్పుడు ఈ వీధిలో సగంమందికి టైపు నేర్పిన మనిషి. నోటికి కొంగు అడ్డంపెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"పళ్ళు పోయాయి నాయనా. మా ఆయనే కాగితంలో చుట్టి చెత్తలో పడేశారు. వాడేసిన టికెట్లు అనుకున్నారట."

ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. కొంతకాలంగా జ్ఞాపకం సడలుతోంది. ఊరు, ఇల్లు, వారం అన్నీ దిగిపోతున్నాయి గానీ భార్య మాత్రం దిగలేదు. దానికి కారణం ఒక పన్ను. టీచరమ్మకు పైవరసలో కోరపన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉండేది, పన్ను మీద పన్ను. పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చినప్పుడు, తీయకముందే అచ్చు తీయించి, కట్టుడు సెట్టులో కూడా ఆ వంకరను అలాగే పెట్టాడు పళ్ళమామ. ఆవిడ నవ్వితే ఆయన గుర్తుపట్టేవాడు.

"ఇప్పుడు నన్ను చూసి ఏమంటున్నారో తెలుసా? 'టికెట్ తీసుకున్నారామ్మా?' అంటున్నారు. మంచినీళ్ళిస్తే, 'చిల్లర లేదు' అంటున్నారు." చెబుతూ తనే నవ్వబోయి, బోసినోరు గుర్తొచ్చి మళ్ళీ కొంగు అడ్డంపెట్టుకుంది. "ఫోటోలైనా చూపిద్దామంటే ఒక్కదాంట్లోనూ పళ్ళు కనబడవు. వంకరపన్నని చిన్నప్పట్నుంచీ నోరు మూసుకునే దిగాను. అది బాగుందన్నది ఆయనొక్కరే. నా దవడ నీ దగ్గర భద్రంగా ఉందన్నావుగా నాయనా. ఉందిగా?"

"ఉంది టీచరమ్మా," అన్నాడు పళ్ళమామ.

అనేశాక తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

క్లినిక్కులో చిగుళ్ళకు కొత్త అచ్చు తీయించి, పళ్ళన్నీ నిటారుగా నిలబెట్టి ఒక సెట్టు చేశాడు. వంకర ఎటు తిరగాలో, ఎంత తిరగాలో గుర్తురాలేదు. గుర్తున్నట్టు చేస్తే, తప్పు వస్తే, డిస్కు సంగతి బయటపడుతుంది. నిటారు పళ్ళను చూసి ఆవిడ మురిసిపోతుందేమో, ఆయన కూడా అలవాటు పడతాడేమో అని ఒక దొంగ ఆశ. మైనంలో ఉన్న ఆ సెట్టును డబ్బాలో పెట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు.

ముందుగదిలో బట్ట కప్పిన టైపు మిషను పక్కన, స్టూలెక్కి సలహారావు ఫ్యాను విప్పుతున్నాడు. ఇతనెందుకు వచ్చాడన్నట్టు చూసిన పళ్ళమామతో టీచరమ్మే చెప్పింది. "పాపం, మీ బావమరిది రోజూ వస్తున్నాడు నాయనా. నా దవడ తనవల్లే పోయిందని చెప్పి ఏడ్చినంత పనిచేశాడు. కొళాయి బాగుచేశాడు, గడియారం బాగుచేశాడు. చాలు బాబూ అంటే వినడు. ఉందని నువ్వన్నావు, పోయిందని తనన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలీక నిన్ను అడగలేదు. నువ్వే చెబుతావని చూస్తున్నాను."

కిటికీ దగ్గర కుర్చీలోంచి కండక్టరు తాతగారు, "లోపలికి జరగండి, లోపలికి జరగండి," అన్నాడు.

పళ్ళమామ జరగలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఒరేయ్, దిగు," అన్నాడు.

"ఒక్క స్క్రూ ఉంది బావా."

"దిగరా. డిస్కును నువ్వు పాడుచెయ్యలేదు. నేను చేశాను."

"అదేంటి? వైరు లాగింది నేనేగా?"

"నువ్వు లాగేసరికే అది చచ్చిపోయింది. పక్కన పెట్టుకుని వైబ్రేటరు వేశాను. టిక్కుటిక్కుమంది. విన్నాను. ప్లాస్టరు పాడవుతుందని ఆపలేదు. షాపతను కూడా చెప్పాడు, వైరువల్ల కాదని."

సలహారావు స్టూలు దిగాడు. "ఎప్పుడు చెప్పాడు?"

"వెళ్ళిన రోజే."

"అంటే, మా అక్క చేత నేను అన్నేసి తిట్లు తింటుంటే, నువ్వు పక్కన కూర్చుని అన్నం తిన్నావన్నమాట."

"తిన్నాను."

"రెండోసారి కూడా వడ్డించుకున్నావు."

"వడ్డించుకున్నాను."

సలహారావు చేతిలోని స్క్రూడ్రైవరును టైపు మిషను మీద టక్కున పెట్టాడు. టీచరమ్మ దాన్ని తీసి పక్కన పెట్టింది. పళ్ళమామకు తన చెవుల్లో టిక్కు టిక్కు వినబడింది.

"నాతో కూడా ఉందన్నావు," అంది టీచరమ్మ.

"అన్నాను టీచరమ్మా."

"నా దగ్గర నకలుకి కార్బన్ కాగితం పెట్టకుండా టైపు కొట్టిన పిల్లల కాగితం చింపేసి మళ్ళీ కొట్టించేదాన్ని. తప్పు కొట్టినా ఊరుకునేదాన్ని గానీ కార్బన్ పెట్టకపోతే ఊరుకునేదాన్ని కాదు. నువ్వు నా మొహాన్ని కార్బన్ లేకుండా కొట్టావు. పైగా నకలు ఉందన్నావు."

"తిట్టండమ్మా."

"తిడితే పన్నొస్తుందా? ఆ డబ్బా ఇలా తే."

మైనం సెట్టును నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది. "ఇదేంటి, ఇక్కడ గోడలా ఉంది? నా నాలుకకు ఇక్కడ మూల ఉండేది. పాఠం చెప్పనప్పుడల్లా అది వెళ్ళి ఆ మూలలో కూర్చునేది." పళ్ళమామ ఒక్క క్షణం ఆవిడ వంక వెర్రిగా చూశాడు. తర్వాత జేబులోంచి చాకు తీసి, దేవుడి దీపం మీద వేడిచేసి, మైనంలో కోరపన్నును కాస్త తిప్పాడు.

"ఇప్పుడు?"

"ఇంకా బయటికి. ఊఁహూఁ, అంత కాదు. కింద పెదవికి తగలకూడదు."

ఆ రోజుతో అవలేదు. టీచరమ్మ మళ్ళీ మళ్ళీ మేడ మెట్లెక్కింది. మోకాళ్ళు పట్టుకుని ఆవిడ ఎక్కే చప్పుడు వినబడినప్పుడల్లా పళ్ళమామకు ప్రాణం చివుక్కుమనేది. ఆ డిస్కు బతికుంటే ఆవిడ ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. భార్యకు కూడా అంతా చెప్పేశాడు. ఆవిడ తమ్ముణ్ణి పిలిచి కడుపునిండా భోజనం పెట్టి, మొగుడికి మాత్రం వారం రోజులు "ఊఁ", "ఊఁహూఁ" తప్ప ఇంకో మాట వడ్డించలేదు. సలహారావు కూడా వెంటనే ఏమీ కరగలేదు. వచ్చేవాడు, అక్కతో మాట్లాడేవాడు, బావ వైపు వీపు తిప్పి కూర్చునేవాడు. చివరికి ఒకరోజు పళ్ళమామ వైబ్రేటరు పక్కన ఫోను పెట్టడం చూసి ఆపుకోలేకపోయాడు.

"బావా! నీకు సిగ్గుందా? తియ్యి దాన్ని అక్కణ్ణుంచి! ఈ బల్ల మీద పెట్టడానికి పనికొచ్చేవి రెండే, ప్లాస్టరూ నీ మోచేతులూ. రేపు షాపుకి పద. తిరగని డిస్కులు రెండు కొంటున్నావు. ఒకటి నీ అలమరలో, ఒకటి మా ఇంట్లో. కట్ చేశావో, నీ చెయ్యి కట్ చేస్తాను. కాపీ! ప్రతి ఆదివారం నేనే వచ్చి రెండూ తెరిచి చూస్తాను. తెరిచి చూడని డిస్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే..."

పళ్ళమామ ఫోను తీసేసి, తిట్లన్నీ చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సెట్టు పూర్తయిన సాయంత్రం టీచరమ్మ ఇంట్లో కండక్టరు తాతగారి ముందు కొంగు తీసేసి నవ్వింది. ఆయన లేచి దగ్గరికి వచ్చాడు. పన్ను వంక చూశాడు, మొహం వంక చూశాడు, మళ్ళీ పన్ను వంక చూశాడు.

"అదేంటే, నువ్వింకా దిగలేదా?" అన్నాడు తాతగారు. "మన స్టాపు ఎప్పుడో దాటిపోయింది."

టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. మర్నాడు ఆయన మళ్ళీ టికెట్ అడిగాడు. ఆ మర్నాడు అడగలేదు. అలా ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. అడిగిన రోజున ఆవిడ తీసుకున్నానని చెబుతుంది. అడిగిన రోజున ఆ సంగతి పళ్ళమామ చెవిన పడితే, ఆ పూట ఆయన చేతిలో మైనం సరిగా కరగదు.

సలహారావు ఊరుకుంటాడా? ఇస్త్రీ కొట్టు ముందు నలుగురిని పోగేసి, తన బావ కళ్ళు మూసుకుని, అచ్చు లేకుండా, డిస్కు లేకుండా, ఒట్టి జ్ఞాపకంతో పోయిన పన్నును వెంట్రుకవాసి తేడా రాకుండా దింపాడని చెప్పాడు. కథ వీధి దాటింది, క్లినిక్కుకు చేరింది, అక్కణ్ణుంచి కళ్ళకు గంతలు కట్టుకుని తిరిగొచ్చింది. కింద ఆ కథ మళ్ళీ మొదలవుతుంటే మేడగది కిటికీలోంచి పళ్ళమామ తల బయటికి పెట్టి అన్నాడు:

"గంతలూ లేవు, జ్ఞాపకమూ లేదు. నాకొక్క ముక్క గుర్తులేదు. ఆవిడ చెప్పింది, నేను తిప్పాను. అది కూడా సరిగ్గా రాలేదు, కొంచెం ఎడంగా వచ్చింది. అసలుది డిస్కులో ఉండేది, దాన్ని పాడుచేసింది నేను."